లైకులు తగ్గాక కెమెరా పట్టుకోవాలనిపించడం లేదన్న మిత్రుడికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ముందుగా ఇక్కడ పెడతాను. మీరు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. మూడేళ్ల క్రితం కెమెరా కొన్నారు. ఆదివారం తెల్లవారకముందే లేచి చార్మినార్, లాడ్ బజార్, మొజంజాహీ మార్కెట్ వైపు వెళ్లి ఫొటోలు తీసేవారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినప్పుడు మొదట్లో మూడు వందల లైకులు దాటేవి, ఇప్పుడు యాభై కూడా రావడం లేదు. మెల్లగా బయటికి వెళ్లాలన్న కోరికే చచ్చిపోయింది. కెమెరా అమ్మేయాలా, అకౌంటు మూసేయాలా, పాతతరం వాళ్లకు ఈ బాధ ఉండేది కాదా, రీల్స్ నేర్చుకుంటే మేలా అని అడిగారు. ఒక నాలుగు ఫొటోలు కూడా జతచేశారు.

కెమెరా అమ్మకండి. అకౌంటు కూడా కోపంలో మూసేయకండి. ఫొటో తీయడానికీ, దాన్ని నలుగురికీ చూపించడానికీ మధ్య కొన్ని నెలల ఎడం పెట్టండి. మీ బాధలో చాలా భాగం అక్కడే తీరుతుందని నా నమ్మకం. నేను గుంటూరు ప్రాంతంలో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు జీవనాధారం, ఊళ్లూ పక్షులూ నా ఇష్టం. ఫిల్మ్ రోల్స్ కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి రెండు కాలాలూ చూసి చెబుతున్న మాట ఇది.

ఎడం ఎందుకంటే, ఒత్తిడి ఫొటో పెట్టిన తర్వాత మొదలవుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అది కెమెరా వ్యూఫైండర్‌కు, అంటే దృశ్యాన్ని చూసే చిన్న కిటికీకి, కన్ను ఆనించినప్పుడే మొదలవుతుంది. ఎదురుగా ఉన్న దృశ్యాన్ని చూడాల్సిన మనసు, రేపు దాన్ని చూసేవాళ్ల ముఖాలను ఊహించుకుంటూ ఉంటుంది. దీని మీద మంచి పరిశోధన జరిగింది. క్రిస్టిన్ డీల్, గాల్ జాబర్‌మన్, అలిగ్జాండ్రా బరాష్ అనే ముగ్గురు పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఫొటోలు తీయడం వల్ల మనిషి తాను చేస్తున్న పనిలో మరింత లీనమవుతాడనీ, సంతోషం పెరుగుతుందనీ తేల్చారు. మీరు మొదటి ఏడాది అనుభవించింది అదే. 2018లో అదే ముగ్గురు మరో విషయం చూపించారు. తమ జ్ఞాపకం కోసం తీసుకున్నవాళ్ల కంటే, సోషల్ మీడియాలో పెట్టాలని తీసినవాళ్లు ఆ అనుభవాన్ని తక్కువగా ఆస్వాదించారు. తాము ఎదుటివాళ్లకు ఎలా కనిపిస్తామోనన్న ఆలోచన అందుకు కారణమని వాళ్లు వివరించారు. కెమెరా అదే, చోటు అదే. ఎవరి కోసం తీస్తున్నామన్నది మారితే సంతోషం మారిపోతోంది. జబ్బు కెమెరాలో లేదు, అందుకే దాన్ని అమ్మవద్దని ముందే చెప్పాను.

ఇప్పుడు మీ ఫొటోల సంగతి. ఆ నాలుగింటిలో పాతది, లాడ్ బజార్‌లో పొద్దున్నే తీసినది, నాకు చాలా నచ్చింది. షట్టరు సగం ఎత్తిన గాజుల కొట్టు, లోపల ఒకే ఒక్క బల్బు, బయట అరుగు మీద కూర్చుని టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటున్న పెద్దాయన. ఆయన వెనక గోడకు వేలాడుతున్న ఖాళీ గాజుల పెట్టెల మీద ఆ బల్బు వెలుగు సన్నగా పడింది. మీరు అది గమనించి ఒక అడుగు పక్కకు జరిగి తీసి ఉంటారు, లేకపోతే ఆయన తల ఆ పెట్టెలను కప్పేసేది. చివరిది ఈ మధ్య తీసినది: వాన నీటి గుంటలో చార్మినార్ ప్రతిబింబం, ఆకాశం నారింజ రంగు, నీడలన్నీ నీలి ఆకుపచ్చ. సాంకేతికంగా మొదటిదాని కంటే బాగుంది. కానీ అలాంటి గుంటను, అలాంటి రంగులను మీరూ నేనూ వందసార్లు చూసి ఉంటాం. మొదటి ఫొటోలో మీరు ఉన్నారు. చివరి ఫొటోలో మీరు కొనుక్కున్న ప్రీసెట్, అంటే ఫొటో రంగులను ఒక్క నొక్కుతో మార్చే రెడీమేడ్ సెట్టింగు, ఉంది. మాట కొంచెం కఠినంగా ఉంటే మన్నించండి, కానీ మీ కన్ను ఇంకా మీ దగ్గరే ఉందని ఆ టీ సాసర్ చెబుతోంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫోను తెర కూడా మనకు తెలియకుండా మన చూపును కోసేస్తుంది. రాజమహేంద్రవరంలో గోదావరి ఒడ్డున నిలబడితే నది, పాత హేవలాక్ వంతెన స్తంభాలు, ఆర్చి వంతెన కమానులు, దూరంగా పడవలు, అన్నీ అడ్డంగా పరుచుకుని ఉంటాయి. ఆ వెడల్పంతా నిలువు తెర మీద రెండు వేళ్ల మందం పట్టీగా మారిపోతుంది. చూసేవాళ్ల బొటనవేలు ఆగదు. దాంతో తీసేవాళ్లు అడ్డంగా చూడటమే మానేస్తారు. 2010 అక్టోబరులో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ 2015 ఆగస్టు దాకా చతురస్రాన్ని తప్ప మరో ఆకారాన్ని ఒప్పుకోలేదు. తర్వాత 4:5 నిలువు కొలత రాజ్యమేలింది. 2025 జనవరిలో ప్రొఫైల్ పేజీలోని గళ్లను కూడా నిలువుగా మార్చారు. ఏళ్ల తరబడి చతురస్రాలతో పేజీని అందంగా పేర్చుకున్నవాళ్ల ఫొటోల అంచులు రాత్రికి రాత్రి తెగిపోయాయి. మన ఫ్రేము ఎంత ఉండాలో నిర్ణయించే హక్కు అంత తేలికగా వేరేవాళ్ల చేతికి వెళ్లడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక మీ లైకులు ఎందుకు పడిపోయాయన్నది. ఆ అంకె మీ ఫొటో మీద తీర్పు కాదు. 2016కు ముందు ఎవరు ఎప్పుడు పెడితే ఆ వరుసలోనే కనిపించేవి. ఆ ఏడాది నుంచి ఎవరికి ఏది ముందు చూపాలో అల్గారిథమ్ నిర్ణయించడం మొదలైంది. 2020లో మన దేశంలో టిక్‌టాక్ నిషేధం జరిగిన కొద్ది రోజులకే, జూలైలో, ఇక్కడ రీల్స్ వచ్చాయి. మరుసటి ఏడాది ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొసేరి స్వయంగా, తమది ఇక ఫొటోలు పంచుకునే యాప్ కాదని బహిరంగంగానే చెప్పారు. 2022 జూలైలో ఫొటోలకు మళ్లీ చోటివ్వాలంటూ ఒక ఫొటోగ్రాఫర్ మొదలుపెట్టిన ఉద్యమానికి లక్షల మంది గొంతు కలిపితే, కొన్ని మార్పులను కొంతకాలం వెనక్కి తీసుకున్నారు. అంటే మీరు కెమెరా కొన్న నాటికే ఆ అంగడిలో నిశ్చల చిత్రానికి గిరాకీ తగ్గించేశారు. మూడు వందలు యాభై కావడంలో మీ చేతి పనితనం వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. చెప్పలేని దాన్ని పట్టుకుని మిమ్మల్ని మీరు కొలుచుకోవద్దు.

లైకులు రానివాళ్ల బాధ అందరికీ తెలుసు. లైకులు విపరీతంగా వచ్చినవాళ్ల బాధ అంతకంటే లోతైనదని నేను దగ్గరగా చూశాను. నా స్టూడియోలో పనిచేసిన ఒక కుర్రాడు మిరప కల్లాన్ని డ్రోన్‌తో పైనుంచి తీశాడు. మా గుంటూరు చుట్టుపక్కల ఎండాకాలంలో ఎటు చూసినా ఎర్రటి కల్లాలే. పైనుంచి చూస్తే ఎర్రటి తివాచీ, దాని మీద రంగురంగుల చీరల్లో ఆడవాళ్లు చుక్కల్లా కనిపిస్తారు. ఆ ఫొటో ఎక్కడెక్కడికో వెళ్లింది. అతని ఫోను నాలుగు రోజులు మోగుతూనే ఉంది. ఆ తర్వాత ఏది తీసినా అతనికి చప్పగా అనిపించేది. ఏది పెట్టినా పాతదానితో పోల్చుకునేవాడు. ఎర్ర రంగు లేకపోతే, పైనుంచి తీయకపోతే అది ఫొటోయే కాదన్నంత దాకా వెళ్లాడు. చివరికి పెళ్లి పని ఉంటే తప్ప కెమెరా ముట్టుకోవడం మానేశాడు.

చిన్నపిల్లల మీద 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ప్రచురించిన ప్రయోగం నాకు అప్పుడు గుర్తొచ్చింది. రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు బొమ్మ వేస్తే బంగారు ముద్ర, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండో జట్టుకు చెప్పకుండా ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఆ పెన్నులను ఊరికే బల్ల మీద పెట్టి గమనిస్తే, ముందే బహుమతి ఆశ చూపిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మలతో గడిపారు. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల ఇష్టం తగ్గలేదు. గమనించండి, చెడ్డది మెప్పు కాదు. మెప్పు కోసమే ఎదురుచూస్తూ పని చేయడం మనలోని ఇష్టాన్ని తినేస్తుంది.

ఆ కుర్రాడిని నేను మళ్లీ అదే కల్లానికి, డ్రోన్ లేకుండా, 50 ఎం.ఎం. లెన్స్ ఒక్కటే ఇచ్చి పంపాను. తీసినవి తర్వాతి ఉగాది దాకా ఎవరికీ చూపవద్దన్నాను. కిందికి దిగితే కల్లం వేరే ప్రపంచం. మిరప ఘాటు ముక్కుకెక్కి తుమ్ములు ఆగవు. ఆడవాళ్లు ముక్కూ నోరూ కప్పేలా గుడ్డ కట్టుకుని, గోనెపట్టా మీద కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. మండే చేత్తో కళ్లు తుడుచుకోలేక మోచేతి మడతతో తుడుచుకుంటారు. అతను ఆ మోచేతి మడతను తీశాడు. కళ్లు మూసుకుని, చేయి ఎత్తి, ముఖం పక్కకు తిప్పుకున్న ఒక ఆవిడ, ఆవిడ వేళ్ల మధ్య ఇంకా జారిపోని ఒక మిరపకాయ. పైనుంచి చూస్తే ఆవిడ ఒక చుక్క. ఈ ఫొటోకు చాలా తక్కువ లైకులు వచ్చాయి, అది అతన్ని కొంచెం బాధించింది కూడా. పూర్తిగా మారిపోయాడని చెప్పను. కానీ ఇప్పుడు సెలవు రోజుల్లో కెమెరా తీసుకుని వెళ్తున్నాడు, ఎక్కడికి వెళ్తున్నాడో నాకు చెప్పడం లేదు. నాకు అది శుభసూచకంగా తోస్తోంది.

పాతతరానికి ఈ బాధ లేదా అని అడిగారు. ఉంది, వేరే రూపంలో. సెలూన్లు అనే ఫొటో పోటీలు, ఫియాప్ వంటి అంతర్జాతీయ సమాఖ్య ఇచ్చే బిరుదులు, వాటికి కావలసిన ఎంపికల సంఖ్య కోసం పరుగులు మన రెండు రాష్ట్రాల్లోనూ బాగా జరిగాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి. ముడతల ముఖం మీద బీడీ పొగ, చెరువులోకి దూకుతున్న పిల్లలు, దుమ్ము రేపుతున్న ఎడ్లు: న్యాయనిర్ణేతలకు నచ్చుతాయని అందరూ అవే తీసేవారు. తేడా ఏమిటంటే ఫలితం రావడానికి నెలలు పట్టేది. ఆ నెలల్లో మనిషి ఎదురుచూడటం మరిచిపోయి తనకు నచ్చినవి నాలుగు తీసుకునేవాడు. ఇప్పుడు ఫలితం నిమిషంలో మొదలై, నిమిష నిమిషానికీ మారుతూ జేబులోనే ఉంటుంది.

అమెరికన్ వీధి ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ తీసిన ఫిల్మును వెంటనే కడగకుండా చాలాకాలం పక్కన పెట్టేవాడు. తీసిన రోజు కలిగిన ఉత్సాహం తన ఎంపికను తప్పుదోవ పట్టిస్తుందని ఆయన అభిప్రాయం. 1984లో మరణించేనాటికి కడగని రోల్స్ సుమారు 2,500 మిగిలాయి. అంత దూరం వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆలస్యం చేసే మేలు నిజం. మూడు నెలల తర్వాత మీ ఫొటోలు మీరే చూసుకుంటే, ఆరోజు ఎంత కష్టపడి తీశారో గుర్తుండదు. ఫొటోలో ఉన్నదే కనిపిస్తుంది.

మన దగ్గర ఫొటోగ్రాఫర్ గుడిమల్ల భరత్ భూషణ్ గారిని తలచుకోవాలి. వరంగల్ నుంచి వచ్చి, 2022లో కన్నుమూసేదాకా తెలంగాణ పల్లె జీవితాన్ని, బతుకమ్మను, ఇళ్ల గోడలను, తలుపులను, ఆడవాళ్లను దశాబ్దాలపాటు తీశారు. ఒక్కో ఫొటోకు దక్కే మెప్పుతో ఆ పని విలువ కట్టలేం. అవన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక నేల కనిపిస్తుంది. మీరు లాడ్ బజార్‌నే అలా పట్టుకోవచ్చు. ఒక చోటు, ఒక విషయం, కనీసం ఏడాది. ఒకే ఒక్క ఫొటోతో మెప్పించాల్సిన అవసరం అప్పుడు ఉండదు.

నా వృత్తిలో ఉన్నవాళ్లు కూడా ఈ జవాబు చదువుతారు కాబట్టి ఒక మాట. మాకు పేజీ మూసేసే వీలు లేదు, పెళ్లివారు ముందు అదే చూసి వస్తారు. జీలకర్ర బెల్లం వేళ అడ్డుతెర తొలగి వధూవరులు ఒకరినొకరు చూసుకునే చూపు ఒక్క రెప్పపాటు. ఆ సమయంలో కెమెరాలు, ఫోన్లు పట్టుకుని నలుగురైదుగురు మధ్యలోకి తోసుకొచ్చి 'ఇటు చూడండి' అంటే ఆ చూపు పోయినట్లే. ఆ తంతు మళ్లీ చేయించమని పురోహితుడిని అడిగేవాళ్లు ఉన్నారు. మా జట్టులో ఎవరూ అలా అడగకూడదన్నది నియమం.

పెళ్లి జరిగిన చాలా ఏళ్లకు మాకు ఒక రకం ఫోన్లు వస్తాయి. 'మా నాన్నగారు పోయారండీ, పెద్దకర్మకు పటం కట్టించాలి, అప్పటి పెళ్లిలో తీసినది ఏదైనా ఉందా?' అని. వెతికితే గ్రూపు ఫొటోలో మూలన ఎవరి భుజం వెనకో సగం ముఖం దొరుకుతుంది, లేదా భోజనాల దగ్గర తల వంచుకుని ఉన్నది. అందుకే ఇప్పుడు ప్రతి పెళ్లిలో ఉదయం టిఫిన్ల వేళ ఒకరు ఇదే పని మీద ఉంటారు. పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లజోడు మీద మెరుపు పడకుండా చూసి, నిండు ముఖం తీస్తారు. వాటిని మేం ఎక్కడా పెట్టం. నా పనిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చేవి అవే.

పక్షుల విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. మాకు దగ్గర్లోని ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. రెక్కలు విప్పిన ఫొటో కావాలని చప్పట్లు కొట్టి, రాళ్లు విసిరి వాటిని లేపేవాళ్లను చూశాను. తల్లి లేచిన గూటిలో పిల్లలు ఎండకు మాడతాయి, కాకులకు చిక్కుతాయి. ఇంత చేసి సంపాదించే అంకెకు ఏ విలువా లేదు. అలా చేసేవాళ్లు కనిపిస్తే అక్కడికక్కడే వారించండి.

మీరు చేయదగ్గవి చెబుతాను. ఇవాళ్టి నుంచి తీసే ఏ ఫొటోనూ మూడు నెలల లోపు పెట్టకండి. పాతవి కావాలంటే పెట్టుకోండి. లైకుల అంకె కనిపించకుండా దాచే సదుపాయం 2021 నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉంది, సెట్టింగుల్లో వెతికి ఇతరుల అంకెలను కూడా దాచేయండి. మీరు అనుసరించేవాళ్ల ఫొటోలను మాత్రమే తేదీ వరుసలో చూపే 'ఫాలోయింగ్' వరుస ఒకటి ఉంది, దాన్నే తెరవండి. ప్రీసెట్లు కొన్నాళ్లు పక్కన పెట్టండి. నెలకోసారి ల్యాబ్‌కు వెళ్లి ఒక డజను 4x6 ప్రింట్లు వేయించి ఇంట్లో బల్ల మీద పరవండి. వాటిని ముగ్గురు నలుగురికి చూపండి. అందులో కనీసం ఒకరు ఫొటోగ్రఫీ తెలియనివాళ్లు అయి ఉండాలి. వాళ్లు ఏ ప్రింటును చేతిలోకి తీసుకుని ఎక్కువసేపు పట్టుకుంటారో గమనించండి, వాళ్ల మాటల కంటే అది ఎక్కువ చెబుతుంది. వీలైతే ఆ గాజుల కొట్టు పెద్దాయనకు ఆయన ప్రింటు ఒకటి ఇచ్చి రండి. ఆ కొట్టులో మీకు కలిగే స్వాగతం తర్వాతి ఫొటోలను మారుస్తుంది.

ఒక జాగ్రత్త. ఇష్టం తగ్గడం ఫొటోలకే పరిమితమైతే ఇదంతా పనికొస్తుంది. నిద్ర, తిండి, ఉద్యోగం, మనుషులతో మాటలు, అన్నిటి మీదా ఆసక్తి పోయి ఉంటే అది వేరే సంగతి. అప్పుడు నా సలహాలు పక్కన పెట్టి డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరగా రీల్స్. వీడియో మంచి విద్య, దాన్ని తక్కువ చేయను. అయితే అంకెలు తిరిగి వస్తాయన్న ఆశతో నేర్చుకుంటే ఇదే బాధ ఇంకో రూపంలో వస్తుంది. మీకు కదలిక మీద ఇష్టముందో లేదో ముందు చూసుకోండి. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేచోట ఒక గంట కూర్చోండి. నిప్పుల సెగకు మెత్తబడ్డ లక్కను సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది చల్లారేలోపు ఒక్కో రాయినీ అద్దుతారు. ఆ వేగం, ఆ చేతుల లయ ఫొటోలో పూర్తిగా పట్టుబడదు, వీడియో దాన్ని బాగా చెబుతుంది. అది చూస్తూ మీకు కదలికను పట్టాలనిపిస్తే వీడియో నేర్చుకోండి. గాజు పూర్తయ్యాక దాన్ని వెలుగుకు ఎత్తి చూసుకునే పనివాడి ముఖం దగ్గర మీ కన్ను ఆగిపోతే, ఫొటోలే తీయండి.